వదిలిన వరుసలు

ముత్యాలకోన మఠంలో ఓబులేసు అనే శిష్యుడు, తన గురువుకు గురువైన కంబగిరి తాత పాటలన్నిటినీ ఒక బుధవారం ఉదయం రెప్పపాటులో పోగొట్టాడు. దొంగలు పడలేదు, నిప్పంటుకోలేదు. అతనే, తన చేతులతోనే, మంచిపని చేస్తున్నానన్న ధీమాతో పోగొట్టాడు.

కంబగిరి తాతకు చదువు లేదు. పెన్న ఒడ్డున గొర్రెలు కాసుకుంటూ పాడేవాడు. పక్కన కూర్చుని ఆ పాటల్ని నోటుపుస్తకంలో రాసిపెట్టింది చెన్నమ్మ. అప్పుడామెకు ఇరవయ్యేళ్ళు. ఇప్పుడు ఎనభై రెండు. మఠానికి ఆమే పెద్ద, అందరికీ అవ్వ. తాత నోట పాటలు విన్నవాళ్ళలో ఇంకా బతికున్నది ఆమె ఒక్కతే. మఠంలో రోజూ పాడేవి పది పన్నెండు పాటలు. మిగతా రెండు వందల పైచిలుకు పాటలకు ఆ నోటుపుస్తకమే దిక్కు.

దానికి చెదలు తగిలిందని తెలిసిన రోజున ఓబులేసు ముందుకొచ్చాడు. మఠంలో చేరకముందు నంద్యాలలో ఒక జిరాక్సు అంగట్లో టైపింగు చేసేవాడు. ఏడాది పాటు కూర్చుని, పాత లాప్‌టాప్‌లో పాటలన్నీ ఎక్కించాడు.

"ఇంక దీనికి చెదలు పట్టవు, అవ్వా" అని కాస్త గొప్పగానే చెప్పాడు.

అవ్వ కళ్ళకు పొరలు కమ్మి చాలా కాలమైంది. తెర మీద చెయ్యి పెట్టి తడిమి, "నున్నగా ఉండాదే" అంది.

ఆ మఠానికి ఒక ఆచారం ఉంది. కొత్త ప్రతి రాయడం పూర్తయితే పాత ప్రతిని ఏట్లో వదలాలి. రెండుంటే తేడాలొస్తాయి, తేడాలొస్తే శిష్యులు కొట్టుకుని మఠం రెండు ముక్కలవుతుందని పెద్దల భయం. నోటుపుస్తకానికి పసుపు రాసి, గుడ్డలో చుట్టి, పెన్నలో నీళ్ళొచ్చిన వారం చూసి వదిలేశారు. ఓబులేసు మహా నిష్ఠాపరుడు. పెన్‌డ్రైవులో దాచుకున్న రెండో ప్రతిని కూడా ఆ రోజే చెరిపేశాడు. చెరిపేముందు పెన్‌డ్రైవుకు దణ్ణం కూడా పెట్టుకున్నాడు.

తాత ఆరాధన నాటికి పుస్తకం అచ్చు కావాలి. ప్రెస్సాయన ఫోను చేసి, ప్రతి వరుసకూ ముందు ఒక అంకె వేసి పంపమన్నాడు. తప్పులు దిద్దేటప్పుడు ఫలానా అంకె దగ్గర అని ఫోనులో చెప్పుకోవచ్చట. మాట న్యాయంగానే ఉంది. కానీ వరుసలు నాలుగు వేలు దాటాయి. చేత్తో వేస్తే ఆరాధన వెళ్ళిపోతుంది.

పైథాన్ అని ఒక భాష ఉందని, అందులో నాలుగు మాటలు రాసిస్తే కంప్యూటరే ఆ చాకిరీ చేస్తుందని ఓబులేసుకు ఎవరో చెప్పారు. ఫోనులో పాఠాలు చూసి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఒక పాట మొత్తం ఇచ్చి, ఒక్కొక్కటిగా తీసి అంకె వెయ్యమని మొదటిసారి చెప్పాడు. అది వరుసలు తియ్యలేదు, అక్షరాలు తీసింది. అక్షరాలైనా పూర్తిగా ఉన్నాయా అంటే అదీ లేదు. గుడులు, కొమ్ములు, ఏత్వాలు ఊడిపోయి, ఒక్కోదానికి ఒక్కో అంకె తగిలించుకుని తెర నిండా బారులు తీరాయి. ఓబులేసు తల పట్టుకున్నాడు. మనిషికి పాట అంటే పాదాలు. దానికి పాట అంటే ఒకటే పొడుగాటి దారం. ఎక్కడ తెంపాలో చెబితే తప్ప తెంపదు.

పది రోజులకు ఆ తెంపడం పట్టుబడింది. మూడు వరుసల పాట ఇస్తే మూడు అంకెలు వేసి తెర మీద చూపించింది. ఓబులేసు ఒక్కడే పగలబడి నవ్వాడు. బుధవారం ఉదయం స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అసలు ఫైలు మీదే నడిపించాడు. ప్రతి వరుసకూ ఫైలు తెరువు, అంకె వేసి వరుస రాయి, ఫైలు మూసెయ్యి. అదీ అతను చెప్పిన పని.

అది చెప్పినట్టే చేసింది. కాకపోతే అతను రాసిన తీరులో ఫైలు తెరిస్తే, అప్పటిదాకా అందులో ఉన్నదంతా తుడుచుకుపోయి కొత్తగా మొదలవుతుంది. ఆ సంగతి అతనికి తెలీదు. రెండో వరుస కోసం తెరిచినప్పుడు మొదటిది పోయింది. మూడోదాని కోసం తెరిచినప్పుడు రెండోది పోయింది. తప్పు జరిగిందని తెర మీద ఒక్క ముక్క రాలేదు.

తెరిచి చూస్తే ఒక్క వరుస ఉంది. 4016. పొద్దు గూకెను, మందను తోలుకపోదమా కంబగిరీ.

పైకి జరిపాడు. పైన ఏమీ లేదు. మూసి తెరిచాడు. ఆపేసి మళ్ళీ వేశాడు. బస్సెక్కి నంద్యాల పోయి, రిపేర్లు చేసే ఒకాయనకు చూపించాడు. ఆయన మధ్యాహ్నం దాకా తంటాలు పడి లాప్‌టాప్ మూసేశాడు.

"తలుపు ఒకసారి తెరిచి, సరుకంతా లోపల పెట్టి మూసుకోవాల్సింది అన్నా. నువ్వు ఒక్కొక్క వస్తువుకూ తెరిచినావు. తెరిచినప్పుడల్లా ఇల్లు ఊడ్చేసినావు. ఇంకో ప్రతి ఉంది కదా, దాన్ని పెట్టుకో."

ఓబులేసు తల ఊపాడు. ఇంకో ప్రతి లేదని, అది ఎందుకు లేదో చెప్పడానికి సిగ్గేసింది.

రెండు రోజులు ముద్ద గొంతు దిగలేదు. పారిపోదామనుకున్నాడు, ఎక్కడికి పోయినా ఆ ఒక్క వరుస కళ్ళలోంచి పోదు. ఏడాది పాటు ప్రతి అక్షరం తన వేళ్ళ కిందనుంచే వెళ్ళింది. మఠంలో రోజూ పాడేవి కాక ఇంకొక్క పాటైనా నోటికి తెచ్చుకుందామని కూర్చుంటే రాలేదు. ఎక్కించాం కదా, ఇంక గుర్తుపెట్టుకోవడమెందుకు అనుకుంటూ ఎక్కించాడు మరి. తన బతుకంతటిలో అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

మూడో రోజు పొద్దున, అవ్వ అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తుంటే వెళ్ళి కింద కూర్చున్నాడు.

"అవ్వా, పుస్తకం పోయింది."

"ఏ పుస్తకం?"

"తాత పాటలు. అన్నీ."

"దాంట్లో ఎక్కించినావు గదా నాయనా."

"ఎక్కించినాను. నేనే తుడిచేసినాను. తెలీక."

అవ్వ ఇంకో రెండు కాయలు ఒలిచింది. తర్వాత చేతులు ఆగాయి. "నేను రాసింది?" అని అడిగింది.

"ఏట్లో వదిలినాము గదా అవ్వా. నువ్వే పసుపు రాసి ఇచ్చినావు."

"ఊఁ" అంది అవ్వ. చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, లోపలికి పోయి తలుపేసుకుంది. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. సాయంత్రం భజనకూ రాలేదు. తిట్టినా బాగుండేదనుకుంటూ ఓబులేసు ఆ తలుపు ఎదురుగానే కూర్చున్నాడు. తలుపు తెరుచుకోలేదు.

మర్నాడు తెల్లవారాక అవ్వ కబురు పంపింది. వెళ్ళగొట్టడానికే అనుకుని అతను బట్టలు సంచిలో సర్దుకుని మరీ వచ్చాడు.

"సంచి ఎందుకు? ఆ పెట్టె తీసుకురా" అంది అవ్వ.

లాప్‌టాప్ తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అవ్వ గొంతు సవరించుకుని, అరుగు బండ మీద అరచేత్తో తాళం మొదలుపెట్టింది.

"రాయి" అని పాట ఎత్తుకుంది.

మొదటి పాట పూర్తిగా వచ్చింది. రెండోదీ వచ్చింది. ఓబులేసుకు ఆశ పుట్టింది. మూడో పాటలో రెండో చరణం దగ్గర అవ్వ గొంతు ఆగిపోయింది. చెయ్యి మాత్రం ఆగలేదు. బండ మీద తాళం ఒక చుట్టు తిరిగింది. తర్వాత మళ్ళీ గొంతు కలిసింది.

చరణం అయ్యాక అడిగింది. "రాసినావా?"

"నడుమ నువ్వు పాడలేదు గదా అవ్వా."

"ఒక పాదం గుర్తుకు రాలేదు. వరుస వదులు."

ఓబులేసు వెనక్కి పోయి, ఆ రెండు పాదాల నడుమ ఎంటర్ నొక్కాడు. తెర మీద ఒక వరుస ఖాళీ అయింది.

అట్లా రోజూ పొద్దున కూర్చునేవాళ్ళు. కొన్ని పాటలు నిండుగా వచ్చేవి. కొన్ని చిల్లులు పడి వచ్చేవి. అవ్వ చెయ్యి మాత్రం ఎక్కడా తప్పేది కాదు. మాట లేని చోట ఒక చుట్టు తిరిగితే ఒక వరుస, రెండు తిరిగితే రెండు. వారం తిరిగేసరికి చిల్లులే ఎక్కువయ్యాయి. రాసినదాంట్లో వరుసలు రోజూ సాయంత్రం లెక్కపెట్టుకుని ఓబులేసు ఇంకా కుంగిపోయేవాడు.

ఒక రోజు అతనే అడిగాడు. "అవ్వా, దీన్నొక పెన్‌డ్రైవులో కూడా పెట్టనా? ఆచారానికి తప్పేమో."

"పెట్టు. రెండు చోట్లా పెట్టు."

"తేడాలొస్తే?"

"రానీ. తగాదా పడేదానికైనా ఏదో ఒకటి ఉండాల గదా."

మరో రోజు, అవ్వ మంచినీళ్ళకు లేచినప్పుడు ఓబులేసుకు ఒక ఆలోచన వచ్చింది. గొర్రెలు, వాగు, తుమ్మచెట్టు నీడ, చివర కంబగిరీ అన్న పిలుపు. తాత పద్ధతి అతనికి తెలుసు. ఏడాది పాటు టైపు చేశాడు కదా, పాటలు రాకపోయినా పోకడ వంటబట్టింది. ఖాళీగా ఉన్న పాదంలో తనే ఒకటి అల్లి పెట్టాడు. తాళానికి అతికినట్టు సరిపోయింది. ప్రాస కూడా కలిసింది. చాలా రోజుల తర్వాత మనసు కొంచెం తేలికపడింది. అవ్వ వచ్చి కూర్చున్నాక చరణమంతా చదివి వినిపించాడు.

అవ్వ తల వంచుకుని విన్నది. ఆ పాదం దగ్గర ముఖం అతని వైపు తిప్పింది.

"ఇంకొకసారి చదువు."

చదివాడు.

"బాగుంది" అంది అవ్వ. "తీసెయ్."

అతను తీసేశాడు. చెవులు కాలిపోయినట్టయింది. ఆ రోజంతా మళ్ళీ తల ఎత్తలేదు.

ఆరాధన ఇంకో పది రోజులుందనగా ప్రెస్సాయన ఫోను చేశాడు. పంపినంత వరకూ చూశాననీ, నడుమ ఇన్ని ఖాళీ వరుసలేమిటనీ, అవి తీసేస్తే పుస్తకం సగానికి తగ్గుతుందనీ చెప్పాడు. వాటన్నిటినీ ఒక్కసారిగా తీసెయ్యడం ఇప్పుడు ఓబులేసుకు వచ్చు. రెండు మాటలు రాస్తే చాలు, కన్ను మూసి తెరిచేలోగా వరుసలన్నీ దగ్గరికి జరుగుతాయి. ఎవరూ పట్టుకోలేరు. జనం చేతికి శుభ్రమైన పుస్తకం వస్తుంది, ఓబులేసు మర్యాదా నిలుస్తుంది. ఫోను పెట్టేశాక ఆ మాటలు రాశాడు కూడా. నడిపించడానికి వేలు ఎత్తి, చాలాసేపు అట్లాగే కూర్చుని, లాప్‌టాప్ మూసేశాడు.

ఆ మర్నాడు అవ్వ అరుగు మీద కూర్చుంది. తర్వాత తాళం మొదలుపెట్టింది. అది అంతవరకూ రాని తాళం, మందంగా, ఒక అడుగు వెనక్కి లాగినట్టు నడుస్తోంది. ఓబులేసు వేళ్ళు మీటల మీద పెట్టి ఎదురుచూశాడు. పల్లవి చోటు వచ్చింది. అవ్వ పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. చెయ్యి తిరిగింది. అతను ఎంటర్ నొక్కాడు. మళ్ళీ తిరిగింది. మళ్ళీ నొక్కాడు.

మొదటి చరణం అయింది. తెర మీద ఒక్క అక్షరం లేదు. కర్సరు మాత్రం కిందికి దిగుతూ పోతోంది.

"అవ్వా" అన్నాడు. "ఇది ఏ పాట?"

"మా అమ్మ పోయిన రోజు తాత నాకోసం పాడినాడు" అంది అవ్వ, తాళం ఆపకుండానే. "దాన్ని నోటుపుస్తకంలో చూసుకునేదాన్ని. కళ్ళు పోయినాక చూసుకోలేదు."

ఓబులేసుకు ఇంక చేతకాలేదు. లాప్‌టాప్ ఒళ్ళోంచి దించి, అరుగు మీద తల ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చాడు. నా పేరు రాస్తానవ్వా, పుస్తకం మొదట్లోనే రాస్తాను, ఈ పాటల్ని ఓబులేసు అనేవాడు పోగొట్టినాడని రాస్తాను, అందరూ చదివి నా మొహాన ఉమ్మెయ్యనీ అన్నాడు.

అవ్వ అంతా విన్నది. ఆమె కళ్ళలోంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు, చెయ్యి తాళంలో ఉంది.

"ఇంకా రెండు చరణాలుండాయి, నాయనా" అంది. "రాయి."