అవతలి ఒడ్డుకు కనబడని జెండా

అనగనగనగా, నదుల మీద వంతెనలు ఇంకా పుట్టని కాలంలో, ఒక పెద్ద ఏరు ఉండేది. ఏటికి ఇవతల చిక్కటి అడవి కొండ. కొండ కింద చిన్న రేవు. ఆ రేవులో ఒక పడవ, దాన్ని నడిపే గవరయ్య అనే ముసలివాడు. అంతే, ఇంకెవరూ లేరు.

ఒకప్పుడు ఆ రేవు నిండా జనమే. దిగువన కొత్త రేవు వెలిసి, డప్పులు కొట్టి పిలిచేసరికి అందరూ అటు మళ్ళారు. గవరయ్యకు తిండికి లోటు లేదు, ఏట్లో చేపలున్నాయి. కరువల్లా మనిషి మాటకే. గంజి కాచుకుంటూ పొయ్యితో మాట్లాడేవాడు. పడవ అంచున వాలే లకుముకి పిట్టతో మాట్లాడేవాడు. పొయ్యి పలకలేదు గాని, పిట్ట పలికేది.

ఆ ఏటి మీద ఒక ఆచారం ఉంది. పడవ సిద్ధంగా ఉంటే వెదురుగడకు జెండా కట్టాలి. అది కనబడితేనే అవతలివాళ్ళు రేవులోకి దిగుతారు. లేదంటే పడవ లేదనుకుని తమ దారిన పోతారు. గవరయ్య పాత జెండా ఎప్పుడో గాలివానకు కొట్టుకుపోయింది. కొత్తది కడితే మళ్ళీ మనుషులు వస్తారని ఆశ పుట్టింది.

మొదట పెట్టె అడుగు నుంచి చిలకపచ్చ పట్టు ఉత్తరీయం తీశాడు. అది పెళ్ళినాడు మామగారు పెట్టింది. ఇంత ఖరీదైన గుడ్డను చూడకుండా ఎవరు పోతారనుకున్నాడు. పొద్దు వాలింది. ఎవరూ రాలేదు. పిట్ట అటు ఎగిరి చూసివచ్చి, కనబడలేదు తాతా అంది.

చిన్నదైపోయిందేమోనని ముదురు నీలం దుప్పటి కట్టాడు. అది గాలికి ఫటఫటలాడుతుంటే గుడిసే కదిలినట్టుంది. అప్పుడూ ఎవరూ రాలేదు. పిట్ట చూసివచ్చి అదే మాట అంది.

ఒక్క రంగు చాలలేదేమోనని, తన బొంతను తెచ్చి కట్టాడు. ఎరుపు, పసుపు, నీలం, ఊదా, అందులో లేని ముక్క లేదు. పిట్ట వెళ్ళి వచ్చింది. దూరానికి అన్నీ కలిసి బూడిద ముద్దలా ఉన్నాయని చెప్పింది.

గవరయ్యకు ఏడుపొచ్చింది. "ఇన్ని రంగులు కడితే ఒక్క కంటికైనా ఆనకపోవడమేమిటే?" అన్నాడు.

"నీ గుమ్మంలో నిలబడి రంగులు ఎంచుతున్నావు," అంది పిట్ట. "ఈ ఏటి మీద నా అంత అందగత్తె లేదు. అయినా అవతలి నుంచి నన్నెవరు చూశారు? చూడాల్సినవాళ్ళు ఉన్నచోటికి ఒకసారి వెళ్ళి చూడు."

గవరయ్య పడవ వేసుకుని అవతలి ఒడ్డుకు వెళ్ళి వెనక్కి తిరిగాడు. తన గుడిసె లేదు, బొంత లేదు, ఉన్నదల్లా నల్లగా కమ్ముకున్న కొండే. తానొకడు అక్కడ బతుకుతున్నట్టే ఎవరికీ తెలియదు. అంతలో కొండ అంచున ఒక కొంగ వాలింది. అంత దూరానికీ అది మల్లెమొగ్గలా మెరిసింది.

ఇంటికి వచ్చి, ఉతికిన తెల్ల పంచె ఒకటి గడకు కట్టాడు. మర్నాడు పొద్దున్నే అవతల మనుషులు దిగారు. ఆకుకూరల పైడమ్మ వచ్చింది, వడ్రంగి సూరన్న వచ్చాడు, వాళ్ళ వెనక మరికొందరు. గవరయ్య అందరినీ దాటించాడు. గెడ వేసి పడవ నడుపుతున్నంతసేపూ కబుర్లే. ఆ నాళ్ళలో అతనికి పొయ్యితో మాట్లాడే పనే పడలేదు.

తొలకరికి ఏటిలో ఎర్రనీళ్ళు పారాయి. కొట్టుకొచ్చిన దుంగ తగిలి పడవ అడుగు పలక చీలింది. తిరగేసి బాగుచేద్దామంటే ఒక్కడి బలం చాలదు. గవరయ్య గడ దగ్గరికి వెళ్ళి, జెండా మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు.

"చీలిక చిన్నదే," అంది పిట్ట జాలిగా. "నీళ్ళు తోడుకుంటూ నడపొచ్చు. అది దించావంటే మళ్ళీ నువ్వు ఒంటరివే."

"నిజమే," అన్నాడు గవరయ్య. "కాని ఇది పడవ బాగుందని చెప్పే జెండా. నా దిగులు కోసం దీనిచేత అబద్ధం ఆడించలేను."

జెండా దించాడు. అవతలి ఒడ్డుకు వచ్చినవాళ్ళు కాసేపు చూసి వెళ్ళిపోవడం కనబడింది. గుడిసెలో కూర్చుని వాన చప్పుడు విన్నాడు. వెనకటి కంటే ఇప్పుడే ఎక్కువ బాధగా ఉంది, ఎందుకంటే ఇప్పుడు ఎవరెవరు లేరో పేరుపేరునా తెలుసు.

వాన తెరిపిచ్చిన ఒక ఉదయం, ఏటి ఒడ్డు వెంట మనుషుల మాటలు వినిపించాయి. దిగువ రేవులో ఏరు దాటి, బురదలో అంత దూరం నడిచి వచ్చారు. ముందు పైడమ్మ, వెనక భుజాన చెక్క పలకతో సూరన్న, ఇంకా పడవ తిరగేయడానికి సరిపడా మనుషులు.

జెండా కట్టలేదు గదా, ఎందుకొచ్చారని గవరయ్య తడబడుతూ అడిగాడు.

"కట్టినన్నాళ్ళూ నమ్మి ఎక్కినోళ్ళం," అంది పైడమ్మ. "దించేసినావంటే నీకూ నీ పడవకూ ఏదో కట్టమొచ్చిందని తెలీదేటి, బాబాయ్?"

గవరయ్య వాళ్ళ ముందే కళ్ళు తుడుచుకున్నాడు. దాచుకోవాలని అనిపించలేదు.

పిల్లలూ, కంటికి ఆనే రంగు మనుషుల్ని ఒక్కసారి పిలవగలదు. పిలవకపోయినా వాళ్ళు వెతుక్కుంటూ వచ్చేది నిజం చెప్పినవాడి కోసమే.