సంచిలో మిగిలిన మనిషి

ఆచార్య మృణాళినిగారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు ఏదో ఒక పని చేయిస్తారు. ఆమె దగ్గర పరిశోధన చేసినవాళ్లలో దీనికి విసుక్కోనివాళ్లు లేరు.

శశిభూషణ్ ఆమె ప్రయోగశాలలో ఆరేళ్లు కష్టపడి ఒక తెల్లటి పొడి తయారుచేశాడు. దాని నిండా కంటికి కనబడనంత సన్నటి రంధ్రాలు. చిన్న సంచుల్లో పోసి రోగుల గదుల్లో వేలాడదీస్తే దుర్వాసన ఇట్టే పోతుంది. విశ్వవిద్యాలయం అండతో, ఇద్దరు మిత్రుల చేత ఉద్యోగాలు మాన్పించి మరీ కంపెనీ మొదలుపెట్టాడు. ఇక కావలసింది గురువుగారి సంతకం ఒక్కటే. ఆమె మాత్రం సంచి మీద అచ్చువేయబోయే మాటల దగ్గర ఆగిపోయారు. "వాసనను శాశ్వతంగా నాశనం చేస్తుంది. ఎండబెట్టి మళ్లీ వాడుకోవచ్చు" అని ఉంది అక్కడ.

"గదిలో వాసన పోతే చాలు కదా మేడమ్. అది ఎక్కడికి పోతే కొనేవాళ్లకేం?" అన్నాడు శశిభూషణ్.

ఆమె బీరువాలోంచి మూత బిగించిన సీసా తీశారు. అందులో ఉన్నది అతని మొట్టమొదటి సంచి. ఎనిమిది నెలల కిందట ఆమె భర్త నరసింగరావుగారు మంచాన పడి ఉన్నప్పుడు, పరీక్ష కోసమని ఆయన గదిలో శశిభూషణే దాన్ని కట్టాడు. ఆయన పోయాక తూచి చూస్తే నాలుగు గ్రాములు ఎక్కువ తూగింది. "గాలిలోని తేమ" అని పుస్తకంలో రాసేసి ఊరుకున్నాడు. ఆరేళ్లు ఆ పొడితోనే కాపురం చేసినవాడు అలా రాయడం నాకైతే తప్పుగానే తోస్తుంది.

"దీన్ని వేడి చెయ్యి. పంపు మాత్రం వెయ్యకు," అన్నారు ఆవిడ.

ఆ ప్రయోగశాలలో పొడిని వేడి చేసినప్పుడల్లా, అందులోంచి వచ్చేదాన్ని పంపు లాగి మేడ మీద గాలిలోకి వదిలేస్తుంది. అదేమిటో ఇన్నేళ్లలో ఎవరూ వాసన చూసి ఎరగరు.

మిట్టమధ్యాహ్నం. పొడిని వేడిచేసిన కరెంటు పొయ్యి తలుపు తీయగానే ముందు తడిగుడ్డ వాసన వచ్చింది, తర్వాత మందులది, నశ్యానిది, మానని పుండుది. చివరికి అచ్చంగా ఒక మనిషి వాసన గదంతా నిండింది. శశిభూషణ్ తనకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "రండి సార్" అన్న మాట నోటిదాకా వచ్చింది. గుమ్మం వైపు చూస్తే ఎవరూ లేరు.

పొడి చల్లారాక తూచాడు. సరిగ్గా నాలుగు గ్రాములు తగ్గింది. ఎవరో ఇల్లాలు ఇలాంటి సంచిని తన పెరట్లో ఎండబెట్టడం ఊహించుకుని భయపడ్డాడు. కాగితం ముందుకు లాక్కుని పాత మాటలు కొట్టేశాడు. "వాసనను పట్టి దాచుకుంటుంది. వేడి తగిలితే తిరిగి ఇచ్చేస్తుంది. ఇంట్లో ఆరబెట్టకండి" అని రాశాడు. ఆమె చదివి సంతకం పెట్టారు.

ఊపిరాడక అతను కిటికీ దగ్గరికి నడిచాడు.

"ఇప్పుడే తియ్యకు నాయనా," అన్నారు ఆమె. "ఈసారి వెళ్తే మరి రారు."