దాచుకున్న ఆటవిడుపులు

నది వచ్చి సముద్రంలో కలిసేచోట చిత్తడిలంక అనే మడ అడవి ఉంది. అందులో నీటికుక్కలు, బావురుపిల్లులు, నక్కలు, కొంగలు, పీతలు కలిసి బతికేవి. తోటివాళ్ళ జోలికి పోకూడదని, కాలవలో దొరికే చేపలూ రొయ్యలూ ఆల్చిప్పలే తిండి అని వాటికి ఒక కట్టుబాటు ఉండేది.

ఆ లంకలో వానలకి లోటు లేదు. ఏడాదిలో సగం రోజులు వాన కురిసేది. మిగతా సగం రోజులు కురవడానికి మబ్బు పట్టి ఉండేది. ఎవరి ఒళ్ళూ పూర్తిగా ఆరేది కాదు.

మనుషుల చేపల పడవలు రోజూ పొద్దున్నే టకటకమంటూ ఆ కాలవలోంచి సముద్రం మీదికి పోయేవి. వారానికి ఒక్క రోజు మాత్రం పడవలు వచ్చేవి కాదు. ఆ రోజు కాలవ అంతా హాయిగా, నిశ్శబ్దంగా ఉండేది. జంతువులన్నీ ఆ రోజునే ఆటవిడుపుగా పెట్టుకున్నాయి. ఆ రోజు కడుపుకి సరిపడా తినడం, తిన్నాక ఆడుకోవడం, అంతే పని.

ఆటకి చోటు జారుడుగట్టు. కాలవ ఒడ్డున ఏటవాలుగా ఉన్న నల్ల బురద గట్టు అది. వానకి నానితే వెన్నలా ఉండేది. పైన బోర్లా పడుకుని ఒక్క తోపు తోసుకుంటే, జర్రున జారి కాలవలో బుడుంగుమని పడేవారు.

నూకాలు అనే నీటికుక్కకి ఆ గట్టు అంటే ప్రాణం. దాని బొరియ గట్టు పక్కనే ఉండేది. ఆ బొరియ వాళ్ళ అమ్మమ్మ తవ్వింది. అందులోనే వాళ్ళ అమ్మ పుట్టింది, నూకాలు పుట్టింది, నూకాలు పిల్లలు ముగ్గురూ పుట్టారు.

"ఇలాంటి బురద ఇంకో లంకలో ఉందేమో చూపించండి!" అని నూకాలు అందరితోనూ సవాలు చేసేది. "చూపిస్తే ఈ తోక కోసి ఇచ్చేస్తాను."

దొరబాబు అనే బావురుపిల్లి ఆ లంకకి పెద్ద. బావురుపిల్లి మామూలు పిల్లిలాగా నీళ్ళకి భయపడదు. నీళ్ళలోకి దూకి చేపని పట్టేస్తుంది. దొరబాబు ఒక్క పంజా దెబ్బతో ఎంత పెద్ద జెల్ల చేపనైనా ఒడ్డుకి విసిరేవాడు. అందుకే అందరూ ఆయన్ని పెద్దగా ఒప్పుకున్నారు. బురదలో కూరుకుపోయిన పాత పడవ ఒకటి ఉంటే, ఆయన దాని మీదే కూర్చునేవాడు. కింద కూర్చుంటే బొచ్చుకి బురద అంటుతుందని ఆయన బాధ.

చలికాలంలో దూర దేశాల నుంచి పక్షులు వచ్చేవి. అవి తమ ఊళ్ళలోని ఎండ గురించి, పొడి నేల గురించి గొప్పలు చెప్పేవి. దొరబాబు ఆ కబుర్లన్నీ చెవులు రిక్కించి విన్నాడు. విన్న దగ్గర్నుంచి ఆయనకి తన లంక అంటే చిన్నచూపు వచ్చింది.

ఒకరోజు ఆయన అందరినీ పడవ దగ్గరికి పిలిచాడు. సన్నగా వాన పడుతోంది.

"మనం ఆటవిడుపులన్నీ వృథా చేసుకుంటున్నాం," అన్నాడు దొరబాబు. "వారం వారం ఈ వానలో, ఈ బురదలో పొర్లాడటం ఒక ఆటేనా? ఇక నుంచి ఆటవిడుపులు వాడకండి. దాచండి. ఆ రోజుల్లో కూడా చేపలు పట్టి ఈ పడవలో పోగు చేద్దాం. బాగా ఎండ కాసి, నేల ఆరాక, దాచిన ఆటవిడుపులన్నీ ఒకేసారి వాడుకుందాం. దాని పేరు ఎండ పండగ."

"ఆయ్! ఎంత గొప్ప ఆలోచనండీ!" అన్నాడు నక్క వీర్రాజు. దొరబాబు ఆవలించినా గొప్పగా ఆవలించారనే రకం అతను.

అందరి కళ్ళ ముందూ ఎండ పండగ మెరిసింది. పొడి నేల! పడవ నిండా చేపలు! రోజుల తరబడి ఆట!

నూకాలు ఒక్కతే ముందుకి వచ్చింది. "దొరబాబు గారూ, ఈ వారం ఆట ఈ వారమే అండీ. నా పిల్లలు ఈ వారం ఉన్నట్టు వచ్చే వారం ఉండరు. రోజుకింత పెరిగిపోతున్నారు. మీ ఎండ వచ్చేసరికి వాళ్ళకి ఆడుకునే వయసే దాటిపోతుందేమో."

"నూకాలూ, తడిసి తడిసి నీ బుర్ర కూడా నానిపోయింది," అన్నాడు దొరబాబు. "అసలు ఎండంటే ఏమిటో తెలుసా నీకు?"

"తెలుసు. వచ్చిన రోజున వీపు కాచుకుంటాను. రాని రోజున దాని కోసం మొహం మాడ్చుకుని కూర్చోను."

వీర్రాజు కిసుక్కున నవ్వబోయి, దొరబాబు మొహం చూసి దాన్ని దగ్గులోకి మార్చేశాడు.

దొరబాబుకి ఒళ్ళు మండింది. "అయితే విను. ఎండ పండగ రోజున అందరూ ఇక్కడే ఉంటారు. నీ వానాకాలపు ఆటల కంటే ఆ పండగే గొప్పదని అందరూ అంటే, నువ్వు బొరియ ఖాళీ చేసి లంక వదిలి పోవాలి. ఒప్పుకుంటావా?"

నూకాలు ఒకసారి తన బొరియ వైపు చూసింది. కానీ అది పుట్టిందే మొండిఘటంగా.

"ఒప్పుకుంటాను. మరి మీ పండగ బాగుండకపోతే?"

"ఈ పడవ దిగిపోతాను. మళ్ళీ ఎక్కను."

పందెం ఖాయమైంది.

ఆ రోజు నుంచి లంకలో ఆటవిడుపులు లేవు. పడవలు రాని రోజున కూడా అందరూ కాలవలో దిగి చేపలు పట్టేవారు. పాత పడవలో పడేసి, పైన మడ ఆకులు కప్పేవారు. పీతలు ఆకులు మోసేవి. కొంగలు కాపలా కాసేవి. దొరబాబు పడవ కొస మీద కూర్చుని ఆకాశం వంక చూసేవాడు.

నూకాలు మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు. మామూలు రోజుల్లో అందరితో పాటే కష్టపడేది. పడవల చప్పుడు వినపడని పొద్దున లేచి, "ఇవాళ మనదే!" అని పిల్లల్ని నిద్ర లేపేది. నలుగురూ గట్టెక్కి జారేవారు. అలసిపోయాక నీళ్ళ మీద వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద ఆల్చిప్పలు పెట్టుకుని కొట్టుకు తినేవారు. వాన చినుకులు మొహం మీద పడుతుంటే కళ్ళు మూసుకుని, ఏ చినుకు ముక్కు మీద పడుతుందోనని పోటీ పెట్టుకునేవారు.

పొరుగునే ఉండే బుల్లబ్బాయి అనే పీత ఆకులు మోస్తూ మోస్తూ ఆగేవాడు. అతనికి ముందు కాళ్ళ డెక్కల్లో ఒకటి చిన్నది, ఒకటి ఒంటి కంటే పెద్దది. ఆటవిడుపు రోజుల్లో ఆ పెద్ద డెక్కని ఊపుతూ గంతులేయడంలో అతన్ని మించినవాడు లేడు.

"నూకాలక్కా, నీకు భయం లేదా?"

"ఉంది. ఏం?"

"భయం ఉంటే ఎలా జారుతున్నావు?"

"భయపడుతూనే జారుతున్నాను. నువ్వూ రారాదూ?"

"అమ్మో! దొరబాబు గారు చూస్తే?" అని బుల్లబ్బాయి పక్కకి పక్కకి నడుచుకుంటూ పోయేవాడు.

వారాలు గడిచాయి. పనిచేసేవాళ్ళకి చిరాకు పెరిగింది. కొంగలు చిన్న చిన్న మాటలకే పోట్లాడుకునేవి. పడవలోంచి ఒక రకం వాసన రావడం మొదలైంది.

"చేపలు పాడవుతున్నట్టున్నాయండీ," అంది ఒక కొంగ.

"పాడవడం కాదు, పండుతున్నాయి," అన్నాడు దొరబాబు.

"ఆయ్, అది పండిన వాసనే!" అన్నాడు వీర్రాజు, ముక్కు మూసుకుని.

ఒక ఆటవిడుపు రోజున నూకాలు చిన్న కూతురు గట్టు మీద ఆగిపోయింది. "అమ్మా, బొరియ పోతే మనం ఎక్కడ పడుకుంటాం?" అని అడిగింది.  నూకాలు పిల్లని వీపు మీద ఎక్కించుకుని జారింది కానీ, ఆ రోజు నీళ్ళు ఎందుకో చల్లగా అనిపించాయి. ఈ పంతం నాకెందుకు, అందరితో పాటు ఆకులు మోస్తే పోయేది కదా అనుకుంది. వెంటనే, పిల్లలు మళ్ళీ గట్టెక్కుతూ వేసిన కేకలు విని, మోస్తే ఈ కేకలు ఎక్కడివి అనుకుంది.

ఒక పొద్దున మబ్బు విడిపోయింది. లంక మీద ఎండ పడింది.

"వచ్చింది! వచ్చింది!" అని దొరబాబు పడవ మీద గంతులేశాడు. అందరూ గట్టు వైపు పరిగెత్తబోయారు. దొరబాబు ఆపేశాడు. "అప్పుడే కాదు! నేల బాగా ఆరనివ్వండి. ఒక్క బొచ్చుకి కూడా బురద అంటకూడదు. అదీ పండగంటే!"

అలా కొన్ని రోజులు ఆపాడు. ఎండ కాస్తూనే ఉంది. నేల ఆరింది. పడవలు రాని రోజు వచ్చేసరికి దొరబాబు తోక పైకెత్తి, "ఇవాళే ఎండ పండగ!" అని చాటించాడు.

నూకాలు తెల్లవారుతూనే బొరియలో గడ్డి సర్ది, గోడలు ఒకసారి తడిమి చూసుకుంది. పిల్లల ముందు ఏడవకూడదని గట్టిగా అనుకుంది. తర్వాత తల ఎత్తుకుని పడవ దగ్గరికి నడిచింది. పోవలసి వస్తే పోతాను కానీ, తల దించుకుని మాత్రం పోను అనుకుంది.

మొదట విందు. దొరబాబు తన చేతులతో మడ ఆకులు పక్కకి లాగాడు. గుప్పుమని కంపు లేచింది. ఈగలు నల్లటి మబ్బులా పైకి లేచాయి. ముందు వరసలో కూర్చున్న కొంగలు వెనక్కి ఎగిరిపోయాయి. ఇన్ని వారాల కష్టం అంతా కుళ్ళి ముద్దై ఉంది.

"పర్వాలేదు," అన్నాడు దొరబాబు. "తిండి లేకపోతే ఏం? ఆట ఉంది. ఆడండి!"

అందరూ జారుడుగట్టు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. గట్టు ఎండి బీటలు వారి, పెంకుల్లా లేచి ఉంది. పీతల కాళ్ళు ఆ వేడికి చుర్రుమన్నాయి. అవి బొరియల్లోకి దూరిపోయాయి. మిగిలినవాళ్ళు ఎండలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇప్పుడు ఏం చెయ్యాలండీ?" అని అడిగాడు వీర్రాజు.

"సంతోషించాలి!" అని అరిచాడు దొరబాబు.

ఎవరికీ ఎలాగో తెలియలేదు. ఆడి చాలా కాలం అయింది.

"చేతకానివాళ్ళంతా ఇక్కడే పోగయ్యారు! నన్ను చూడండి!" అని దొరబాబు గట్టెక్కి కూర్చుని, ఒక్క తోపు తోసుకున్నాడు. జర్రుమనలేదు. బర్రుమంది. సగం దూరం గరగరా గీసుకుంటూ వచ్చి, ఒక బీటలో తోక ఇరుక్కుని, మిగతా సగం దొర్లుకుంటూ కిందపడ్డాడు. ఆయన గొప్పగా చూసుకునే బొచ్చులో వెనక భాగం అంతా గట్టు మీదే ఉండిపోయింది.

 చప్పుడు విని బొరియలోంచి కళ్ళు బయటపెట్టిన బుల్లబ్బాయి చూసి, ఆపుకోలేక పకపకా నవ్వాడు. ఆ నవ్వు కొంగలకి అంటుకుంది. కొంగల నుంచి నక్కలకి అంటుకుంది. వీర్రాజు కూడా నవ్వేశాడు. చాలా వారాల తర్వాత లంకలో వినపడిన నవ్వు అది.

"నూకాలక్కా," అన్నాడు బుల్లబ్బాయి, "ఈ గట్టుకి ఏదైనా చెయ్యి. నువ్వు తప్ప దాని సంగతి ఎవరికి తెలుసు?"

నూకాలు దొరబాబు వైపు చూసింది. "పందెం మాట ముందు తేల్చండి. లంక వదలమంటారా?"

"నువ్వు పోతే మేమూ నీ వెనకే!" అని అందరూ ఒక్కసారిగా అరిచారు.

అంతే. నూకాలు కాలవలో దూకింది. నిండా తడిసి గట్టెక్కి ఒళ్ళు విదిలించింది. ఎండిన మట్టి ఆ నీళ్ళని చుయ్యిమని పీల్చేసింది. మళ్ళీ దూకింది, మళ్ళీ విదిలించింది. పిల్లలు ముగ్గురూ దాని వెనకే దూకారు. నక్కలు తోకలు ముంచి తెచ్చి దులిపాయి. కొంగలు ముక్కులతో నీళ్ళు తెచ్చి పోశాయి. ఎవరు ఎవరి మీద పోస్తున్నారో తెలియలేదు. గట్టు ఎక్కుతూ, దిగుతూ, పడుతూ, లేస్తూ, మధ్యాహ్నానికల్లా గట్టుని మళ్ళీ వెన్నముద్ద చేసేశారు. తడి నేల తగలగానే పీతలన్నీ బయటికొచ్చాయి. బుల్లబ్బాయి పెద్ద డెక్క ఎత్తి ఊపాడు.

"వాన రాకపోతే వానని మనమే తెచ్చుకుంటాం!" అంది నూకాలు, బురద మొహంతో. "చిత్తడిలంక వాళ్ళమా, ఇంకెవరమా?"

దొరబాబు మాట మీద నిలబడ్డాడు. కుంటుకుంటూ వచ్చి, "పడవ దిగానమ్మా," అన్నాడు.

"దిగారు సరే. రండి, జారండి," అంది నూకాలు.

"ఇవాళ నా వల్ల కాదు."

"మరి కూర్చుని చూడండి."

"అది అసలే నా వల్ల కాదు," అన్నాడు దొరబాబు, బొచ్చు ఊడిన వెనక భాగం తడుముకుంటూ.

పొద్దు వాలేదాకా లంక అంతా జారింది. ఒకప్పుడు పడవ మీద పెద్దగా కూర్చున్న దొరబాబు ఒక్కడే గట్టు పక్కన నిలబడి, అందరి ఆటా చూస్తూ ఉండిపోయాడు.

నీతి: సంతోషాన్ని రేపటికని దాచిపెడితే అది కుళ్ళిపోతుంది, మనకున్న వానలో, మనకున్న బురదలో, ఈ వారం సంతోషాన్ని ఈ వారమే అనుభవించాలి.