లైసెన్సున్న వాడికే గేదె

బొడ్డవానిపాలెంలో బుర్రంటే మా ఇంటి బుర్రే అని మీసం తిప్పుకునే అన్నదమ్ములు ఇద్దరున్నారు. పెద్దవాడు సన్యాసయ్య, చిన్నవాడు గవర్రాజు. సన్యాసయ్య పెళ్ళాం చిట్టెమ్మకి ఆ ఇద్దరి తెలివీ కలిపి ఉందని ఆ ఇంట్లో ప్రతీతి.

అంత తెలివి ఊరికే ఉంటుందా? గవర్రాజు ఫోన్లో రంగుల చక్రం పందెం ఆడి, ఆ ఇంటికి కూడు పెట్టే ఒక్క పాడిగేదెనీ ఓడిపోయాడు. "రేపొచ్చి తోలుకుపోతా" అన్నాడు ఆట పెట్టిన ఏజెంటు. ఇంకేముంది, చిట్టెమ్మ గేదె మెడ పట్టుకుని ఒకటే ఏడుపు.

ముగ్గురూ కానిస్టేబులు లచ్చుబాబు దగ్గరికి పరిగెత్తారు.

"ఫోన్లో జూదం ఆడించడం నేరంరా. ఏ ఆట నడిపేవాడికైనా సర్కారు లైసెన్సుండాలి. రేపు నేనొస్తా. ఈలోగా ఎవడు ఆ ఆట సంగతెత్తినా లైసెన్సు అడగండి. లేదన్నాడా, కట్టేయండి. నేనొచ్చేదాకా వదలొద్దు" అన్నాడాయన విసుగ్గా.

"మీ మాట జవదాటం బాబూ!"

తెల్లారగానే పక్కింటి కోటయ్య వచ్చాడు. "ఏరా గవర్రాజూ, ఆటలో గేదె పోయిందటగా?" అని ఓదార్చబోయాడు. ఆట సంగతెత్తాడు, లైసెన్సు చూస్తే లేదు. అంతే, అరుగు స్తంభానికి కట్టేశారు. "ఆటేంటి, మా ఆయన్ని కట్టడమేంటి?" అంటూ వాళ్ళావిడ వచ్చింది. ఆమెనీ రెండో స్తంభానికి కట్టేశారు.

అప్పుడు దిగాడు ఏజెంటు. లైసెన్సు అడిగితే జేబులోంచి బైకు లైసెన్సు తీసి చూపించాడు.

"ఫోటో ఉంది, సర్కారు ముద్ర ఉంది. ఇంకేం కావాలయ్యా?" అంది చిట్టెమ్మ కళ్ళు తుడుచుకుంటూ. సర్కారు ముద్ర కనపడితే దొంగకైనా దండం పెట్టే బుర్రలు మరి! పలుపు చేతికిచ్చి, దారిలో మేతకని ఓ గడ్డిమోపు కూడా కట్టి సాగనంపారు.

ఇంతలో లచ్చుబాబు చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఆ ఆటవాడు వచ్చాడా?"

"తమరికి లైసెన్సుందా బాబూ?"

"నాకెందుకురా లైసెన్సు?"

అంతే! స్తంభాలు రెండూ నిండిపోయాయి కదా, పట్టుకెళ్ళి ఖాళీగా ఉన్న గేదె గుంజకి కట్టేశారు.

"ఒరేయ్, నేనొచ్చేదాకా కదరా వదలొద్దన్నాను! వచ్చేశానుగా!"

"మీరొచ్చింది కట్టేయకముందు బాబూ. కట్టేశాక ఎవరూ రాలేదు" అన్నాడు సన్యాసయ్య ఇంకో ముడి బిగిస్తూ.

చిట్టెమ్మది జాలిగుండె. ఆయన ముందు రెండు పరకలు గడ్డి వేసి, పాలు పితికే చెంబు కోసం లోపలికెళ్ళింది.