చేటలో కలిసిన విత్తనాలు

గంగాదేవికి మతిమరుపంటే కోపం. దోమనైతే కొట్టొచ్చు, జ్వరమైతే బిళ్ల వేయొచ్చు. దీన్నేం చేయాలో తెలీక కోపం. అది సొంత తాతకే వచ్చిందంటే ఇంక చెప్పాలా!

పాపికొండల వెనక ఆ కొండరెడ్ల గూడెంలో అందరి విత్తనాలూ దాచేది ఆమె తాత బుచ్చిరెడ్డే. ఏ కంది ముందు కాస్తుందో, ఏ బొబ్బర రాతినేలలో నిలుస్తుందో ఆయనకే ఎరుక. ఈమధ్య ఒకటి అడిగితే ఇంకోటి ఇస్తున్నాడు. విత్తనాల పండగనాటికి ఆ పని వేరేవాళ్లకి అప్పగిద్దామని కుర్రాళ్లు గుసగుసలాడుతున్నారు. పని పోతే తాత మంచమెక్కుతాడని గంగాదేవి బెంగ.

ముసలాళ్ల మతి చెడకుండా చూసుకోవడం ఆ గూడెంలో అందరి పనీ. ఎవరో వచ్చి చెప్పింది కాదు, తమకు తామే పెట్టుకున్న కట్టుబాటు. దానికి పెద్ద కన్నమ్మవ్వ. గంగాదేవి ఆమె దగ్గరే పని నేర్చుకుంటోంది. మధ్యలో పట్నం వెళ్లి ముసలాళ్లని చూసుకోవడంలో ఆరునెలల శిక్షణ కూడా అయివచ్చింది కనక, అవ్వకన్నా తనకే నాలుగు ముక్కలు ఎక్కువ తెలుసని లోపల్లోపల ఓ నమ్మకం.

అవ్వని అడక్కుండానే ఒకరోజు విత్తనాలు దాచే ఎండు ఆనపబుర్రలన్నిటికీ పేర్లు రాసి చీటీలు అంటించింది. ముత్యాల్లాంటి అక్షరాలు. తాతకి చదువు రాదన్న సంగతి ఆ హుషారులో గుర్తే రాలేదు.

చీటీలు బ్రహ్మాండంగా పనిచేశాయి. వచ్చినవాళ్లు చదువుకుని, కావలసింది తీసుకుని, తాతకో దండం పెట్టి పోయేవాళ్లు. పది రోజుల్లో తాతకి మాటలు తగ్గాయి. పదకొండో రోజు మనవరాల్ని చూసి, "నువ్వెవరి పిల్లవే?" అన్నాడు.

గంగాదేవి ఏడ్చుకుంటూ కన్నమ్మవ్వ దగ్గరికి పరిగెత్తింది. "ఇంత సేశాను గదవ్వా! ఇంకేం సెయ్యను?"

అవ్వ లేచింది. చేట చంకన పెట్టుకుని తాత ఇంటికి వచ్చింది. చీటీలన్నీ పీకి పొయ్యిలో వేసింది. నాలుగు బుర్రలు దించి, కందులూ బొబ్బర్లూ చిక్కుడు గింజలూ ఒకే చేటలోకి గుమ్మరించింది. పండగ చూస్తే రేపే!

గంగాదేవి గబగబా చేట పట్టుకోబోయింది.

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ!" తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. "మతుండే సేశావా కన్నమ్మా?"

"ముసలైపోయాను బావా. ఏది ఏదో నాకేం తెలుసు? నువ్వే సెప్పాలి."

"మొన్నటిదాకా నోరొక్కటే సెడ్డదనుకున్నాను, కళ్లు కూడా పోయాయి దీనికి," అని గొణుక్కుంటూ తాత చేట తన ముందుకు లాక్కున్నాడు.

వేళ్లు కదిలాయి. గింజలు ఒక్కో కుప్పగా పడుతున్నాయి. "ఇది గడ్డు యేడు మా మావ మూడు కొండలవతలనించి తెచ్చిన కంది. ఇది సీతాలు కాపురానికొస్తా కొంగున కట్టుకొచ్చిన సిక్కుడు."

"కొంగున కాదయ్యో, బుట్టలో!" గుమ్మంలోంచి ఎదురింటి సీతాలవ్వ అరిచింది.

ఆ కేకలు విని పక్కింటివాళ్లొచ్చారు. గుసగుసలాడిన కుర్రాళ్లూ వచ్చి చేట చుట్టూ గొంతుక్కూర్చున్నారు. "తాతా, మరిదో? మరిదో?"

ఒక గింజ దగ్గర తాత ఆగిపోయాడు. తిప్పి చూశాడు. మళ్లీ చూశాడు. గంగాదేవి చెప్పబోయింది. అవ్వ ఆమె తొడ మీద గట్టిగా గిల్లింది.

తాత గింజ నోట్లో వేసుకుని, ఉన్న రెండు పళ్లతో కొరికాడు. మొహం వెలిగిపోయింది. "రాతిబొబ్బర! ఉడికినట్టే ఉంటది, ఉడకదు. పెళ్లైన కొత్తలో కూర తిని ఆ మాటన్నానని మా ఇంటిది మూడ్రోజులు నాతో మాటాడలేదు!"

ఇల్లు ఘొల్లుమంది. గంగాదేవి కళ్లలో నీళ్లు ఆగలేదు. పట్టరాని సంతోషం ఆమెకి.

"రేపు ముందు మా సేనికే ఇత్తనాలు పెట్టాలి తాతా," అన్నాడు కుర్రాళ్లలో పెద్దవాడు.

"వరస ప్రకారం రా," అన్నాడు తాత, దర్జాగా.

అందరూ వెళ్లాక గంగాదేవి అవ్వ పక్కన కూర్చుంది. మెల్లిగా అడిగింది. "అవ్వా, ఎల్లుండికి ఇయ్యన్నీ మళ్లీ మర్సిపోతే?"

అవ్వ చేటలో పొట్టు దులిపి లేచింది.

"ఎల్లుండి మళ్లీ అడుగుదాం."