దేచెనక్కా, వచ్చావా?

అనగనగా అనే మాట పుట్టకముందు, ఉత్తరాన మంచుకొండల్లో ఒక ఊరు ఉండేది. దుప్పట్లు దగ్గరికి లాక్కోండి, ఇది చలి కథ.

ఆ ఊళ్ళో దేచెన్ అని ఒక ఒంటరి ఆడమనిషి. గొర్రె ఉన్ని వడికి పొట్ట పోసుకునేది. పెద్ద పెద్ద పాదాలు ఆవిడవి. చలికాలంలో ఊరివాళ్ళు కనుమ దాటి వెళ్ళి గింజలు మోసుకొచ్చుకోవాలి. మోకాలి పైదాకా మంచు. ముందు నడిచే మనిషి మంచు తొక్కి దారి చేస్తే, వెనకవాళ్ళు ఆ అడుగుల్లోనే అడుగులేస్తూ పోతారు. ముందున్నవాళ్ళకి చచ్చే చాకిరీ, వెనకున్నవాళ్ళకి షికారు. ఏటా ముందు దేచెనే. ఎందుకయ్యా అంటే, కాళ్ళు పెద్దవట. అదొక సాకు.

ఆ ఏడు గింజలతో తిరిగొస్తుంటే మళ్ళీ మంచు పట్టుకుంది.

"కాసేపు ఎవరైనా ముందుకి రండయ్యా" అంది దేచెన్.

"నీ పాదమంత పాదం మాకెక్కడిది అక్కా" అన్నాడు ఊరిపెద్ద స్తోబ్దన్. అందరూ నవ్వారు.

కొంతదూరం పోయాక మళ్ళీ అడిగింది. "కాసేపు ఎవరైనా ముందుకి రండయ్యా."

"ఇంకెంత, కనుమ కనిపిస్తూనే ఉందిగా" అన్నాడు.

మూడోసారీ అడిగింది. ఈసారి ఎవరికి వాళ్ళు ముందువాడి వీపు చూస్తూ నిలబడ్డారు. చేసేది లేక ఆవిడే నడిచింది.

కనుమ మీదికి చేరాక పక్కకి తప్పుకుంది. "మీరు పదండి, కాస్త ఊపిరి తీసుకుని వెనకాలే వస్తా." అక్కణ్ణించి అంతా పల్లం. ఆవిణ్ణి దాటుకుని గబగబా దిగిపోయారు. ఒక్కడంటే ఒక్కడు వెనక్కి చూడలేదు. ఇళ్ళకి చేరి గింజలు వేయించుకుని కడుపునిండా తిన్నారు. అప్పుడెవరో అన్నారు, దేచెన్ ఇంట్లోంచి పొగ రావడం లేదేమిటని.

తెల్లారి వెతుక్కుంటూ వెళ్ళారు. గింజల మూటకి ఆనుకుని, కంబళి అంచు ముక్కు మీదికి లాక్కుని, ముడుచుకుని ఉంది. ప్రాణం లేదు.

వాళ్ళక్కడే కూలబడ్డారు. అప్పుడే ఎదుటి కొండవాలు మీద తోడేళ్ళు పోతున్నాయి, ఒకదాని అడుగులో ఇంకోటి అడుగేసుకుంటూ. ముందున్నది అలిసింది. పక్కకి తప్పుకుని పడుకుంది, తోక ముక్కు మీద కప్పుకుని. రెండోది ముందుకొచ్చి మంచు తొక్కింది. గుంపంతా దాటింది. చివరిది మాత్రం ఆగింది. అలిసింది లేచి వచ్చి తనతో కలిసేదాకా ఆగింది.

స్తోబ్దన్ తల వంచేసుకున్నాడు. "ఈ చలిలో అవి ఎలా బతుకుతాయా అనుకునేవాణ్ణి" అన్నాడు. సిగ్గుతో ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. చెబుతుంటే నాకే సిగ్గేస్తోంది, చేసినవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో మీరే అనుకోండి.

ఇప్పటికీ ఆ దారిన పోయేవాళ్ళు వంతులవారీగా ముందు నడుస్తారు. అలిసి తప్పుకున్నది ఆడైనా మగైనా సరే, చివరివాడు ఆగి "దేచెనక్కా, వచ్చావా?" అని అడుగుతాడు. "వచ్చా" అని వినపడ్డాకే కదులుతారు.

కనుమ మీద మాత్రం అందరూ ఆగుతారు. ఖాళీ మంచు వైపు తిరిగి అదే మాట అడుగుతారు. జవాబు రాదని తెలుసు. అయినా కాసేపు నిలబడి, తల దించుకుని దిగుతారు.