బొగ్గు ముక్క

కోదండానికి ఒకటే కోరిక. అక్క మాట మళ్లీ వినాలి.

పసితనంలోనే తల్లి పోతే అక్క మంగతాయే వాడిని పెంచింది. ఇప్పుడు పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఇక రాదని వైద్యుడు చెప్పేశాడు. కనీసం వేలితో చూపిస్తే చాలనుకున్నాడు కోదండం. గురువు సోమలింగాచారి దగ్గర నేర్చిన పనితనమంతా పెట్టి, నున్నటి చెక్క మీద బొమ్మలు వేసి, లక్క పూతతో మెరిపించాడు. నీళ్లు, అన్నం, దుప్పటి, మందు...

అక్క చూసి మురిసిపోయింది. ఏది కావాలక్కా అంటే అన్నిటికీ తలూపింది. చూపించమంటే మాత్రం, వేలు కొంగుకి తుడుచుకుని బొమ్మ దాకా తెచ్చి, ఎక్కడ మరకవుతుందోనని వెనక్కి తీసేసుకుంది.

గురువును ఇంటికి పిలుచుకొచ్చాడు.

"మనిషికి రోజూ కావలసినవి లెక్కగట్టానండీ. ఇరవై నాలుగు. ఒక్కటీ వదల్లేదు. ఇంకా ఏం రంగు వేస్తే ముట్టుకుంటుందంటారు?"

"అంచుకి బంగారు పూత కూడానా! పెళ్లికూతురిలా ముస్తాబు చేసి, ఎవరూ ముట్టుకోవడం లేదంటావేంరా?"

గురువు పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు ముక్క తీశాడు. చెక్కను బోర్లించి, రంగు లేని వైపు కుండలాంటిదొకటి గీశాడు. వంకర మూతి, ఒక పక్క ఉబ్బు.

"అయ్యయ్యో, గురువుగారూ!" అన్నాడు కోదండం.

"ఏమ్మా మంగతాయీ, కుండలా ఉందా ఇది?"

మంగతాయి నవ్వింది. జబ్బు చేశాక ఆమె అలా పళ్లు కనబడేలా నవ్వడం అదే మొదలు. ఎడమచేత్తో కుండ మూతి చెరిపేసి, బొగ్గు ఇమ్మన్నట్టు చెయ్యి చాపింది.

మూతి సరిచేసింది. అక్కడితో ఆగలేదు. పక్కనే ఒక పడవ గీసింది. పడవలో ఒక పిల్ల, దాని చంకలో పసిబిడ్డ. వెనకాల దూరంగా రెండు కొబ్బరిచెట్లు, ఒక గుడిసె. గుడిసె మీద వేలు పెట్టి తమ్ముడి వంక చూసింది.

కోదండం చెక్క మీదికి వంగాడు. అది గోదారి మధ్యన వాళ్లు పుట్టిన లంక. అక్క తనని ఎత్తుకుని ఏరు దాటిన ఏడాదే వరద దాన్ని కోసుకుపోయింది. ఇదంతా ఇరుగుపొరుగు చెప్పగా విన్నదే; ఆ ఊరి ఊసు అక్క ఎన్నడూ ఎత్తలేదు. తనూ అడగలేదు.

అక్క పక్కన కూర్చున్నాడు. ఆమె వేళ్లకంటిన మసి తుడుద్దామని బొగ్గు ముక్క తీసుకోబోయాడు.

"ఉండనీరా," అన్నాడు గురువు. "అది ఆమె దగ్గరే ఉండనీ."